వెనక చక్రంలో గాలి

నాకు అనుమానం ఎక్కువ. ఇప్పుడు నేనే ఒప్పుకుంటున్నాను గానీ, అరవైల మొదట్లో ఎవరైనా ఆ మాట అని ఉంటే ముందు వాళ్ళనే అనుమానించేదాన్ని. పాలవాడు పాలు కొలుస్తుంటే గిద్ద అడుగున చొట్ట ఉందేమోనని వంగి చూసేదాన్ని. చాకలి బట్టలు తెస్తే అన్నీ మావేనా అని అంచులు తిరగేసేదాన్ని. అనుమానం పెనుభూతమని మా అమ్మ అస్తమానం అంటుండేది. ఆవిడ ఆ మాట నా గురించే అంటోందేమోనని నాకు మరో అనుమానం.

అప్పుడు మా కాపురం జగ్గయ్యపేటలో. మా ఆయన హైస్కూల్లో లెక్కల మాస్టారు. నేను కొత్తగా గ్రామసేవిక ఉద్యోగంలో చేరాను. ఊళ్ళు తిరిగి ఆడవాళ్ళను కూడగట్టి మహిళా మండళ్ళు పెట్టించడం, పొగరాని పొయ్యిలు వేయించడం, పసిపిల్లలకు ఏం పెట్టాలో చెప్పడం నా పని. మొదటి పొగరాని పొయ్యి మా వంటింట్లోనే వేయించాను. దరఖాస్తులో సైకిలు తొక్కడం వచ్చునా అన్న ప్రశ్నకు ఎదురుగా ‘వచ్చును’ అని రాశాను. రాదు. ఆడవాళ్ళలో ఎవరికి వచ్చు గనక, అడుగుతారా పెడతారా అనుకున్నాను. చేరిన వారంలోనే ఆఫీసువాళ్ళు నాకు ముందున్న గ్రామసేవిక వాడిన ఆడవాళ్ళ సైకిలు ఒకటి, గాలి కొట్టే పంపుతో సహా తెచ్చి మా వసారాలో ఆనించి వెళ్ళారు.

మా మీద అజమాయిషీకి ముఖ్యసేవిక అని ఒక పెద్దావిడ ఉండేది. అనుమానంలో ఆవిడ నాకు అక్క. ఒకరోజు నన్ను పిలిచి నిలబెట్టి అడిగింది.

“సైకిలు వచ్చని రాశావు. నిజంగా వచ్చా?”

“వచ్చండి.”

“సైకిలు బస్సు టాపు మీద వేయించుకుని, ఊరి బయట దిగి, అక్కణ్ణుంచి బెల్లు కొట్టుకుంటా వచ్చేవాళ్ళని చాలామందిని చూశానమ్మా. మాఘమాసంలో నందిగామలో మీటింగు పెడుతున్నా. పొద్దున పదింటికల్లా నువ్వు పేట నుంచి సైకిలు తొక్కుకుంటా అక్కడికి రావాలి. నేనూ ఆ రోడ్డు మీదే జీపులో వస్తా. నువ్వు చెప్పింది నిజమైతే నీ ఉద్యోగం ఖాయం చెయ్యమని రాస్తా. కాకపోతే వేరే మనిషిని చూసుకుంటాం.”

జగ్గయ్యపేట నుంచి నందిగామకు పద్దెనిమిది మైళ్ళు. చేతిలో ఉన్నది ఐదు నెలలు. నాకు ఆ ఉద్యోగం కావాలి. డబ్బు ఒక్కటే కాదు కారణం. పొయ్యి ముందు నుంచి లేచి నాలుగు ఊళ్ళు చూశాక మళ్ళీ పొయ్యి ముందు కూర్చోవడం నా వల్ల కాదని అప్పటికే తెలిసిపోయింది.

మా ఆయనకు సైకిలు తొక్కడం వచ్చు, సైకిలు మాత్రం లేదు. స్కూలుకు నడిచే వెళ్ళేవారు. తెల్లవారుజామున ఎవరూ లేవకముందే నన్ను స్కూలు మైదానానికి తీసుకెళ్ళి, క్యారియరు పట్టుకుని వెనక పరుగెత్తేవారు. మామూలుగా నేర్పేవాళ్ళు పట్టుకున్నాను, పట్టుకున్నాను అంటూనే వదిలేస్తారు. ఈయన తీరు వేరు. “వదిలేశా, నువ్వే తొక్కుతున్నావ్” అనేవారు గానీ వదిలేవారు కాదు. నాలుగు రోజులు నాకు సైకిలు వచ్చేసిందనే మురిశాను. ఐదో రోజు వెనక నుంచి ఆయాసం మరీ దగ్గరగా వినిపిస్తోందని అనుమానమొచ్చి తిరిగి చూశాను. చెయ్యి క్యారియరు మీదే ఉంది. ఆ మరుక్షణం ఇద్దరం కంకర మీద ఉన్నాం.

మోకాలు గీరుకుపోయింది. అంతకంటే మంట నాలుగు రోజులు నన్ను వెర్రిదాన్ని చేశారని.

“ఇక మీదట నా సైకిలు మీద చెయ్యి వేస్తే ఊరుకోను” అన్నాను.

ఆయన పంచెకంటిన దుమ్ము దులుపుకుని, “సరే, వెయ్యను” అన్నారు.

ఆ తరువాత నా అంతట నేనే నేర్చుకున్నాను. ఎన్నిసార్లు పడ్డానో చెప్పను. చీర కుచ్చిళ్ళు చెయిన్లో పడకుండా గోచీలా వెనక్కి దోపుకోవడం, గేదెలు ఎదురొస్తే దిగి నిలబడటం, లారీ వెనక నుంచి వస్తే ముందే అంచుకు జరగడం ఒక్కొక్కటీ దెబ్బ తిన్నాకే ఒంటబట్టాయి. పదిహేను రోజులయ్యేసరికి రోడ్డెక్కాను. అక్కణ్ణుంచి మైలురాళ్ళ లెక్క మొదలైంది. మొదటి వారం ఒక రాయి దాకా, రెండో వారం రెండు రాళ్ళ దాకా. సీటు మీద కూర్చున్నచోట పుండ్లు పడ్డాయి. పిక్కలు రాళ్ళలా బిగుసుకునేవి. ఆముదం రాసుకుని వేడినీళ్ళు పోసుకునేదాన్ని.

మా ఆయన ఒక సలహా ఇచ్చారు. “పోయినంత దూరం మళ్ళీ రావాలి కూడా. సగం ఓపిక అయిపోయిందనగానే వెనక్కి తిరుగు. ఉన్నదంతా పోవడానికే ఖర్చుపెట్టకు.”

నాకు ఇందులో మతలబు కనిపించింది. సగంలో తిరగమనడమంటే దూరం పెరగకుండా చూడటమే గదా. ఆయన తోటి మాస్టార్లు ఆయన్ని ఆటపట్టిస్తున్నారని విన్నాను. “ఏం మాస్టారూ, మీ ఆవిడ సైకిలు మీద, మీరు కాలినడకనా?” అని టీకొట్టు దగ్గర అన్నారట. మగవాడికి అది నామోషీ కాదా? పైకి నవ్వుతారు, లోపల నేను ఓడిపోవాలని ఉండొచ్చు అనుకున్నాను.

అందుకని మర్నాడు పంతం పట్టి, చిల్లకల్లు దాటి ఆరో రాయి దాకా వెళ్ళాను. తొక్కుతుంటే సైకిలు దానంతటదే పోతున్నట్టుంది. ఇంత సులువైన దానికి ఇన్నాళ్ళు భయపడ్డానా అనుకున్నాను. తిరిగాక తెలిసింది, వెళ్ళేటప్పుడు నన్ను నెట్టింది నా కాళ్ళు కాదు, వెనకగాలి. అదే గాలి ఇప్పుడు ఎదురొచ్చి పైట పట్టుకుని వెనక్కి లాగుతోంది. రెండు మైళ్ళకే కళ్ళు తిరిగాయి. చివరికి నాపరాళ్ళ బండి ఒకటి వస్తుంటే దాని మీద సైకిలు పడేసి, నేను తొట్టి అంచున కూర్చుని ఇల్లు చేరాను. మా ఆయన నన్ను చూసి ఏమీ అనలేదు. మంచినీళ్ళు ఇచ్చారు. ఏమీ అనకపోవడం కూడా నాకు అనుమానంగానే తోచింది.

కానీ సలహా మాత్రం పాటించాను. ఆయనకు చెప్పకుండా పాటించాను. సగం ఓపిక ఉండగానే తిరుగుతూ, వారానికో రాయి పెంచుకుంటూ పోయాను. నాలుగో రాయికీ ఐదో రాయికీ మధ్య మైలు కాదు, మైలున్నర ఉందని నాకు గట్టి నమ్మకం. రాళ్ళు పాతించిన మేస్త్రీ ఎండ పడలేక ఎక్కడో మోసం చేసి ఉంటాడు. అయినా కార్తీకం వెళ్ళేసరికి పోను ఆరు, రాను ఆరు అలవోకగా తొక్కేదాన్ని. పుష్యానికి పోను తొమ్మిది అయింది. అంటే మొత్తం పద్దెనిమిది. నందిగామ దాకా తిన్నగా పోతే ఎంతో, అంత. ఆ రోజు ఇంటికొచ్చి వసారాలో కూలబడి ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

సరిగ్గా ఆ రోజుల్లోనే వెనక చక్రంలో గాలి పోవడం మొదలైంది.

రోజూ కాదు. రోజూ పోతే ట్యూబుకు చిల్లి పడిందనుకుందును. ఎప్పుడో ఒకరోజు తెల్లవారి చూస్తే టైరు మెత్తగా వేలికి అణిగేది. పంపుతో గాలి కొట్టుకుంటే ఆ రోజంతా బాగానే నడిచేది. తరువాత నాలుగైదు రోజులు చక్రం గట్టిగా రాయిలా ఉండేది. మళ్ళీ ఒకరోజు మెత్తన. ఇలా మూడుసార్లు జరిగాక కూర్చుని ఆలోచించాను. ఆ మూడు రోజులూ మా ఆయన స్కూలు పని మీద మొదటి బస్సుకు నందిగామ వెళ్ళిన రోజులే. ఇంకేం కావాలి? చీకటితో లేచి, వెళుతూ వెళుతూ వాల్వు తిప్పి గాలి వదిలేసి పోతున్నారన్నమాట. ఊళ్ళో ఉన్న రోజున చేస్తే దొరికిపోతారు గదా.

దొంగను పట్టాలంటే సాక్ష్యం కావాలి. ఒక రాత్రి పడుకోబోయే ముందు వసారా ఊడ్చి, సైకిలు చుట్టూ ముగ్గుపిండి పలచగా జల్లాను. తెల్లవారి లేచి చూస్తే పిండి చెదరలేదు. చక్రం కూడా పట్టి చూడకుండానే బిందె తీసుకుని బావికి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి పిండిలో రెండు పాదాలు, వెనక చక్రం పక్కనే. బొటనవేలి కంటే పక్కవేలు పొడుగు. అలాంటి కాలు మా ఇంట్లో ఒక్కరిదే.

ఆయన పెరట్లో పళ్ళు తోముకుంటున్నారు.

“సైకిలు దగ్గరికి ఎందుకెళ్ళారు?” అన్నాను.

“ఎవరు, నేనా? వెళ్ళలేదే.”

అరికాళ్ళకు ముగ్గుపిండి తెల్లగా అంటుకునే ఉంది. పచ్చి అబద్ధం. చక్రం నొక్కి చూశాను. గట్టిగా ఉంది. గాలి తీసేలోపు నా అలికిడి విని పారిపోయి ఉంటారనుకున్నాను. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. చక్రం గట్టిగా ఎందుకుంది అన్న చిన్న ప్రశ్న నా బుర్రకు తట్టలేదు.

అప్పటినుంచి ఇంట్లో మాటలు తగ్గించేశాను. అన్నం వడ్డించి అవతలికి పోయేదాన్ని. ఆయన ఒకటి రెండుసార్లు ఏమైందని అడిగి, జవాబు రాకపోయేసరికి ఊరుకున్నారు. నాకు నిజంగా బాధగా ఉండేది. ఊరు నవ్వితే నవ్వుతుంది, ఆఫీసులో నమ్మకపోతే నమ్మరు. ఒక్క కప్పు కింద ఉన్న మనిషి నా చక్రంలో గాలి తీస్తాడా? తలగడలో మొహం పెట్టుకుని ఏడ్చిన రోజులున్నాయి.

మీటింగు రోజు దగ్గర పడింది. ముందు రోజు సాయంత్రం నా చేత్తో నేనే రెండు చక్రాలకూ గాలి కొట్టి, సైకిలును సామాన్ల గదిలో పెట్టి తాళం వేశాను. తాళంచెవి మంగళసూత్రాలకు కట్టుకున్నాను. ఇక ఎవరు ఏం చేస్తారో చూద్దామనుకున్నాను.

పొద్దున్నే నేను నీళ్ళు తెచ్చుకుని వచ్చేసరికి ఆయన ఆ గది గుమ్మం ముందు నిలబడి ఉన్నారు.

“ఒకసారి తాళం తీస్తావా?” అన్నారు.

“ఎందుకు?”

“ఊరికే.”

“నేను బయలుదేరేటప్పుడు తీసుకుంటాలెండి.”

ఆయన పక్కకు తప్పుకున్నారు. నేను చద్దన్నం తిని, కుచ్చిళ్ళు వెనక్కి దోపుకుని, సైకిలు బయటికి తీసి మెట్లు దించుతుంటే మాత్రం, “వెనక చక్రం ఒకసారి చూసుకో” అన్నారు.

దారి పట్టే ముందు ఆ అపశకునపు మాటేమిటి? నా చేత్తో కొట్టిన గాలి, నా మెడలో ఉన్న తాళంచెవి. నన్ను తడబడేలా చేయడానికే ఇదంతా అనుకున్నాను. ఆయన చూసుకోమన్నారు కాబట్టే చూసుకోలేదు.

చిల్లకల్లు దాకా బాగానే వెళ్ళాను. కాస్త బరువుగా తగిలింది గానీ భయం వల్ల అనుకున్నాను. పొద్దు ఎదురుగా కళ్ళల్లో కొడుతోంది. రోడ్డుకు అటూ ఇటూ కల్లాల్లో మిరపకాయలు ఎర్రగా ఆరబోసి ఉన్నాయి, ఆ ఘాటుకు తుమ్ములు. ఐదో రాయి దాటాక సైకిలు బురదలో తొక్కుతున్నట్టు అయింది. ఎదురుగాలి అనుకున్నాను. చింతచెట్ల ఆకు కదలడం లేదని చూస్తూనే ఉన్నాను, అయినా ఎదురుగాలే అనుకున్నాను. ఏడో రాయి దగ్గర ఇనపచక్రం రోడ్డుకు తగిలి టకటకమంది. దిగి చూస్తే టైరు నేలకు పరుచుకుని ఉంది.

పంపు ఇంట్లోనే ఉంది. ముందు నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. తాళం వేసిన గదిలో ఎలా దూరారా అని ఆలోచిస్తూ మైలు దూరం సైకిలు నెట్టుకుంటూ నడిచాను. కిటికీలోంచా, పెంకు తీసా? ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుతో చచ్చిపోవాలనిపిస్తుంది.

ఎనిమిదో రాయి దగ్గర రోడ్డు పక్కన తాటాకు పాక వేసుకుని ఒక ముసలి సాయిబుగారు సైకిళ్ళు బాగుచేసేవాడు. సైకిలు తొక్కే ఆడమనిషిని చూసి ఆశ్చర్యపోయినా పైకి తేలనివ్వలేదు. టైరు విప్పి, ట్యూబుకు గాలి కొట్టి నీళ్ళ బేసిన్లో ముంచాడు. వాల్వుకు జానెడు దూరంలో బుడబుడమని బుడగలు వచ్చాయి.

“ఇక్కడో అతుకు ఉందమ్మా. ఎవరో ఇంట్లోనే వేసుకున్నట్టున్నారు, సొల్యూషను సరిగ్గా ఆరనివ్వలా. అంచున కారిపోతా ఉంది.”

“ఎప్పటినుంచి?”

“శానా రోజులదే. అంచు చుట్టూ మట్టి చూడండి ఎట్టా పేరుకుందో. రాత్రి గాలి కొడితే తెల్లారేసరికి సగం పోద్ది. మీ ఇంట్లో ఎవరో రోజూ పొద్దున్నే కొడతా ఉండి ఉండాలె. లేకపోతే ఇన్నాళ్ళు ఎట్టా తొక్కారు?”

నేను ట్యూబు చేతిలోకి తీసుకున్నాను. అతుకు చుట్టూ ఎర్రపెన్సిలుతో గుండ్రంగా గీసి ఉంది. తప్పు లెక్క చుట్టూ మాస్టార్లు గీసే సున్నా. నేను పుష్యంలో రెండు రోజులు పుట్టింటికి వెళ్ళొచ్చాను. ఆ రెండు రోజుల్లో ఆయన టైరు విప్పి, చిల్లి వెతికి, చేతనైనట్టు అతుకు వేశారు. అది నిలవలేదు. నేను రోజూ బావికి వెళ్ళిన ఆ కాస్సేపట్లో గాలి కొట్టడం మొదలుపెట్టారు. మొదటి బస్సుకు వెళ్ళిన రోజుల్లో కొట్టడం కుదరలేదు. ఆ రోజుల్లోనే నాకు చక్రం మెత్తగా దొరికింది.

పాక ముందు బల్ల మీద కూర్చుండిపోయాను. సాయిబుగారు పాత అతుకు పీకి, ఆకురాయితో రుద్దుతూ నా వైపు చూడకుండా, “నీళ్ళు తాగండమ్మా” అన్నాడు.

అదే సమయానికి జీపు వచ్చింది. ముఖ్యసేవిక గారు దిగి, విప్పి పెట్టిన చక్రాన్నీ నన్నూ మార్చి మార్చి చూశారు.

“పంక్చరా?”

“అవునండి.”

“నేను చూస్తానన్న రోజునే అందరికీ పంక్చర్లవుతాయి. ఇక్కడిదాకా ఏ బస్సులో వచ్చావు?”

సాయిబుగారు తలెత్తి, “బస్సు కాదండి, ఆయమ్మ నడిపించుకుంటా వచ్చింది, నేను చూశా” అన్నాడు.

“నువ్వు చూసింది నడవడమేగా” అని ఆవిడ జీపెక్కారు. “పదింటికి రమ్మన్నాను, గుర్తుంది గదా.”

ఆవిడ మీద నాకు కోపం రాలేదు. ఆవిడ చేసిందేమిటి, నేను ఇంట్లో చేసిందేమిటి? ఆవిడ కనీసం మొహం మీదే అడిగింది.

సాయిబుగారు చక్రం బిగించాక మిగిలిన పది మైళ్ళూ తొక్కాను. సలహా, ఓపిక, సగం ఏవీ గుర్తులేవు. ఏడుస్తూ తొక్కాను, ఎదురొచ్చిన బండివాళ్ళు బండ్లాపి చూశారు. నందిగామ చేరేసరికి పదకొండున్నర. మీటింగు సగం అయిపోయింది. ముఖ్యసేవిక గారు నా చెమట చూసి, గడియారం చూసి, కాగితం మీద ఏదో రాసుకున్నారు. అందరూ వెళ్ళాక పిలిచి చెప్పారు. ఉద్యోగం తీసేయడం లేదు, ఖాయమూ చేయడం లేదు. మరో ఆరు నెలలు చూస్తారట. సరేనండి అన్నాను. ఆవిడకు నన్ను నమ్మడానికి ఆరు నెలలు కావాలంటే అన్యాయమేమీ లేదనిపించింది.

తిరిగొచ్చేటప్పుడు సైకిలు బస్సు టాపు మీదే వేయించాను. కాళ్ళు ఇక కదలలేదు.

ఇంటికొచ్చేసరికి పొద్దు వాలుతోంది. ఆయన వసారాలో చాప మీద కూర్చుని పరీక్ష పేపర్లు దిద్దుతున్నారు. నేను చెప్పులు విప్పి, ఎదురుగా నేల మీద కూర్చున్నాను.

“రోజూ గాలి కొట్టింది మీరేనా?” అన్నాను.

ఆయన పేపరు మీంచి తలెత్తలేదు. “ఊఁ.”

“మరి వెళ్ళలేదని ఎందుకన్నారు?”

“నీ సైకిలు మీద చెయ్యి వెయ్యనని అప్పుడు మాటిచ్చా గదా.”

“చిల్లి ఉందని ఒక్క ముక్క చెప్పొచ్చు గదండీ.”

అప్పుడు తలెత్తి చూశారు. కోపంగా చూసి ఉంటే నాకు సుఖంగా ఉండేది. “చెబితే ఏమనుకునేదానివి?”

నిజమే చెప్పాలి. సైకిల్లో లోపం ఉందని చెప్పి నన్ను ఇంట్లో కూర్చోబెట్టడానికి చూస్తున్నారనుకునేదాన్ని. అంతకంటే వేరుగా అనుకునేదాన్ని కాదు. ఆ మాటే చెప్పాను. ఆయన తలూపారు.

“తప్పు నాదండీ” అన్నాను. ఆ మాట నా నోటి నుంచి అదే మొదటిసారి అనుకుంటాను.

ఆయన మరో పేపరు తీసి, “ఇంతకీ నందిగామ దాకా తొక్కావా?” అన్నారు.

“ఏడు మైళ్ళు తొక్కా. ఒక మైలు నడిచా. తరవాత పది తొక్కా.”

“అయితే పదిహేడు” అన్నారు.

ఎవరైనా చూశారా అని అడగలేదు. ఎన్నింటికి చేరావు, ఎక్కడ ఆగావు అని అడగలేదు. నేను చెప్పింది విని, కూడి, నమ్మేసి పేపర్లు దిద్దుకుంటున్నారు. నేను లోపలికి వెళ్ళి పొయ్యి వెలిగించాను గానీ, పొగరాని పొయ్యి ముందు కూర్చుని కళ్ళు తుడుచుకుంటుంటే ఆయనకు ఏం సాకు చెప్పాలో తోచలేదు.